సీసా కోసం ఎదురుచూసేది ఎవరు?

అన్న: ఎన్నాళ్ళు లాగుతావు తమ్ముడూ? వారమంతా హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు. శనివారం రాత్రి బస్సెక్కి మన ఊరు అదియమాన్‌కోట్టై. ఆదివారం పొద్దంతా చింతపండు గుజ్జు, సీసాలు, లేబుళ్ళు. సోమవారం తెల్లవారకముందే మళ్ళీ హోసూరు. మొదలుపెట్టినప్పుడు నీ ముఖంలో ఉన్న హుషారు ఇప్పుడు లేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఏరు దాటినవాణ్ణి నేను చూడలేదు. దిగితే పూర్తిగా దిగు, లేదా మానెయ్.

తమ్ముడు: హుషారు తగ్గిన మాట నిజమే అన్నా. కానీ హుషారు తగ్గిందని ఉద్యోగం వదిలేస్తే దాని చోట భయం వచ్చి కూర్చుంటుంది. నెల జీతం వస్తోంది కాబట్టే నేను నల్లబడ్డ పాత చింతపండు కొనడం లేదు. అరువుకిమ్మన్న ప్రతి దుకాణానికీ తలూపడం లేదు. కుదరదని చెప్పగల ధైర్యం నాకు ఆ జీతం ఇచ్చిందే. రేపటి బియ్యం ఈ సీసాల మీదే ఆధారపడితే ఆ మాట నా నోటినుంచి వస్తుందా?

అన్న: రాదు, ఒప్పుకుంటాను. అయితే ఆ జీతమే ఇంకో మాట కూడా నేర్పుతుంది: వచ్చే ఆదివారం చూద్దాం అని. మూత సరిగా బిగుసుకోవడం లేదు, వచ్చే ఆదివారం. సేలం దుకాణదారు ధర అడిగాడు, వచ్చే ఆదివారం. ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంది కాబట్టి ఏ ఆలస్యమూ నొప్పి పుట్టించదు. నొప్పి లేని చోట పట్టుదల ఎలా పుడుతుంది? మన తెలుగువాళ్ళ కథే చూడు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి పోవడానికి బస్సు టికెట్టు దొరకని ఫణీంద్ర సామ అప్పుడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరు. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టాడు. ముగ్గురూ మంచి జీతాలు వదిలి దిగారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొన్నది. ఉద్యోగాల్లోనే కూర్చుని ఉంటే అది సెలవు రోజుల సరదాగా ముగిసిపోయేది.

తమ్ముడు: ఆ కథను నువ్వు మధ్యలోంచి మొదలుపెట్టావు. వాళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళు, వెబ్‌సైటు కట్టడం వాళ్ళకు కొత్త. పుస్తకాలు ముందు పెట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకుని, మొదటి నమూనా తయారు చేసింది ఉద్యోగాల్లో ఉండగానే, రాత్రిళ్ళూ శని ఆదివారాలూ కూర్చుని. చేతిలో చూపించడానికి ఒక వస్తువు ఉన్నాక వదిలారు. నేనూ వదలనని ఎక్కడన్నాను? ఇప్పుడు వద్దంటున్నాను, అంతే. ఇందులో లెక్క కూడా నా వైపే ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టి తర్వాత పూర్తిగా దిగినవాళ్ళు వ్యాపారం మూసుకునే అవకాశం, నేరుగా దూకినవాళ్ళకంటే మూడో వంతు తక్కువని అందులో తేలింది. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట అక్కడి అంకెల్లోనూ నిలబడింది.

అన్న: ఆలస్యం అమృతం విషమన్నదీ పెద్దలే. నీ లెక్కను ఒక్కసారి మళ్ళీ చదువు. ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టి, చివరికి దిగినవాళ్ళను, మొదటే దిగినవాళ్ళతో పోల్చారు. ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టి, అలసిపోయి, ఎవరికీ చెప్పకుండా మానేసినవాళ్ళు ఆ పోలికలోకి రారు కదా? మూసివేసిన వ్యాపారం లెక్కకు దొరుకుతుంది. అటక మీదికి చేరిన ఖాళీ సీసాలు ఎవరి లెక్కకూ దొరకవు. నా భయం నువ్వు నష్టపోతావని కాదు తమ్ముడూ, నష్టం కూడా రాకుండా ఆగిపోతావని.

తమ్ముడు: ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ పోలికలో ఆ లోటు ఉన్న మాట నిజమే, నేను కాదనను. కానీ అలా మానేసినవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో కూడా చూడు. కొన్ని సెలవు రోజులు, కొంత జీతం. ఇల్లు నిలిచే ఉంది. పిల్లల చదువు ఆగలేదు. పనికిరాని ఆలోచనను అంత తక్కువ ఖర్చుతో తెలుసుకోవడం కూడా లాభమే. ఉద్యోగం వదిలి అదే సంగతి తెలుసుకున్నవాడికి ఎంత ఖర్చవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు కంపెనీ వదిలి పిండిమర పెట్టిన ఏడాది వదిన గాజులు ఎక్కడున్నాయి?

అన్న: బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. వాటిని విడిపించాలన్న పంతమే నన్ను తెల్లవారుజామున నిద్రలేపింది. ఏ ప్రసంగమూ, ఏ పుస్తకమూ అంత పని చేయలేదు. అయితే ఆ రోజుల్లో మీ వదిన పడ్డ దిగులు ఎంతో నేను కొలవలేను. ఆ మేరకు నీ మాట చెల్లుతుంది. నా పంతానికి ఖరీదు కట్టింది ఇంకొకరు. కానీ నీ దగ్గర ఖరీదు కడుతున్నది ఎవరు? ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఇది చెప్పు: రేపు పొద్దున నిన్ను ఈ పనికి లేపేది ఏమిటి?

తమ్ముడు: అడిగేవాడు. హుషారు లోపల్నించి ఊరుతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. అది రోజంతా మెషిన్ ముందు నిలబడి వచ్చినవాడి ఒంట్లో మిగలదు. మిగిలేదొకటే, ఎవరో నా సీసా కోసం చూస్తున్నారన్న ఎరుక. స్టీవ్ వోజ్నియాక్ ఆపిల్ మొదటి కంప్యూటర్ తయారు చేసినప్పుడు హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఉద్యోగి. పగలు అక్కడ పని, రాత్రి తన బోర్డు. రెండు వారాలకొకసారి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని ఒక కూటం జరిగేది. అక్కడికి పోయి తను చేసింది చూపించాలి. తన సర్క్యూట్ నకళ్ళు ఉచితంగా పంచేవాడు కూడా. చూసేవాళ్ళు ఉన్నారు కాబట్టే రాత్రి పని సాగింది. నాకూ అలాంటి రోజొకటి ఉంది. బహుళ అష్టమి. మన కాలభైరవుడి గుడికి ఆ రోజు ధర్మపురి వాళ్ళే కాక కర్ణాటక నుంచి, ఆంధ్ర నుంచి కూడా వస్తారు. బూడిద గుమ్మడికాయ దీపాలు వెలిగించి తిరిగి పోయేటప్పుడు మన దగ్గర ఆగుతారు. పోయిన అష్టమికి కొన్నవాళ్ళు ఈ అష్టమికి వచ్చి అడుగుతారు. ఆ తేదీ జరపడానికి లేదు. వచ్చే ఆదివారం అన్న సాకు దాని ముందు చెల్లదు.

అన్న: ఇది మంచి ఏర్పాటు. నెలకొక గడువు, ఎదురుగా మనుషులు. నేను అనుకున్నదానికంటే నువ్వు ముందే ఉన్నావు. కానీ వోజ్నియాక్ కథను ఈసారి నువ్వు మధ్యలో ఆపావు. 1976 ఏప్రిల్‌లో ఆపిల్ పెట్టారు. మైక్ మార్కులా డబ్బు పెట్టడానికి ముందుకొచ్చినప్పుడు ఆయన పెట్టిన షరతేమిటి? వోజ్నియాక్ ఉద్యోగం వదలాలి. వోజ్నియాక్ మొదట వదలనన్నాడు కూడా. చివరికి వదిలాడు. నలుగురికి చూపించడానికి రాత్రిళ్ళు సరిపోయాయి, కంపెనీ నడపడానికి చాలలేదు. నీ అష్టమి కూడా అంతే. నెలకొక రోజు వచ్చే కొనుగోలుదారు నిన్ను మేలుకొలుపుతాడు, నీ కుటుంబాన్ని పోషించడు. మిగతా రోజుల్లో అడిగేవాడికి జవాబెవరిస్తారు?

తమ్ముడు: అందుకే చింతపండు ఎంచుకున్నానన్నా. మన జిల్లాలో ఇంకా ఏమేమి ఉన్నాయి? పాలక్కోడు వైపు టమాటా. దాని బేరం పొద్దున్నే మండీలో. ఆ సమయానికి నేను షిఫ్టులోనైనా ఉంటాను, నిద్రలోనైనా ఉంటాను. పైగా 2023 సంగతి మరిచిపోలేదు కదా? జులైలో కిలో వంద రూపాయలు దాటిన టమాటా, సెప్టెంబరు వచ్చేసరికి కోత కూలి కూడా గిట్టని ధరకు పడిపోయింది. ఉద్యోగం చేసేవాడు ముట్టుకోకూడని సరుకు అది. చింతపండు అలా కాదు. వేసవికి ముందు చెట్టు దులుపుతారు, పెంకు కొట్టి, గింజ తీసి, శీతల గిడ్డంగిలో పెడితే రంగు పోకుండా ఏడాది ఉంటుంది. ఆదివారం దాకా నా కోసం ఆగుతుంది. మిగిలిన గంటల్లో ఇమిడే పని ఎంచుకుంటే మనసు విరగదు. పగలు కోరే పనిని రాత్రి చేయబోయి చాలామంది తమలో పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. లోపం పట్టుదలలో లేదు, ఎంపికలో ఉంది.

అన్న: ఆ చివరి మాట వందమందికి చెప్పదగ్గది. అయినా అందులోనే నా అభ్యంతరమూ ఉంది. ఆగే సరుకు మనిషిని కూడా ఆపుతుంది. టమాటా రైతును లేపాల్సిన పని లేదు, పండు కుళ్ళుతుందన్న భయమే లేపుతుంది. గిడ్డంగిలో నిమ్మళంగా ఉన్న చింతపండు నిన్నెందుకు లేపుతుంది? నీకు వీలైన పని ఎంచుకున్నావు, బాగుంది. వీలు ఎక్కువైన చోట తొందర తక్కువవుతుంది. ఆ రెంటినీ ఒకే సరుకులో పొందడం కుదరదు.

తమ్ముడు: కుదరదు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముందుగా డబ్బు తీసుకోవడం ఒక్కటే నాకు దొరికిన మార్గం. అష్టమికి వచ్చినవాళ్ళలో ఇష్టమైనవాళ్ళ దగ్గర వచ్చే నెల సీసాకు ముందే డబ్బు తీసుకుంటున్నాను. తీసుకున్న డబ్బు మాటివ్వడం కంటే గట్టిగా పట్టుకుంటుంది. డబ్బు ఎలా మేలుకొలుపుతుందో ఈబే కథలో ఉంది. 1995లో పియర్ ఒమిడ్యార్ జనరల్ మ్యాజిక్ అనే కంపెనీలో పని చేస్తూ, ఒక సెలవు వారాంతంలో వేలం వెబ్‌సైటు పెట్టాడు. మొదట అంతా ఉచితమే. ఇంటర్‌నెట్ ఇచ్చే సంస్థ నెల రుసుము 30 డాలర్ల నుంచి 250 డాలర్లకు పెంచేసరికి, అమ్మేవాళ్ళ దగ్గర చిన్న రుసుము అడిగాడు. చెక్కులున్న కవర్లు టపాలో రావడం మొదలైంది. ఆ రాబడి జీతాన్ని దాటాకే ఉద్యోగం వదిలాడు. ఆయనను ఎవరూ ఉత్సాహపరచలేదు, ఆ కవర్లే ముందుకు నెట్టాయి.

అన్న: ఆ కవర్లు విప్పడానికి ఆయన సాయంత్రం ఇంట్లో ఉన్నాడు. నువ్వు హోసూరులో గదిలో ఉన్నావు. ఇప్పుడు ఇందాక ఆపిన సంగతికి వస్తాను. పగలు ఫోను ఎత్తేదెవరు? కొరియరువాడు వస్తే పెట్టె కట్టి ఇచ్చేదెవరు? గింజ తీసే ఆడవాళ్ళకు కూలి లెక్క చూసి ఇచ్చేదెవరు? మా మరదలు. నువ్వు ఉద్యోగం చేస్తూ స్టార్టప్ నడుపుతున్నానని చెప్పుకుంటున్నావు. నిజం చెప్పాలంటే నువ్వు ఉద్యోగం చేస్తున్నావు, స్టార్టప్ ఆమె నడుపుతోంది. జీతం నీకుంది. ఆమెకు ఏముంది? నీ హుషారు తగ్గిందని ఇంతసేపు మాట్లాడుకున్నాం. ఆమె హుషారు సంగతి మనిద్దరిలో ఒక్కరమైనా అడిగామా?

తమ్ముడు: అడగలేదు.

అన్న: నేను ఉద్యోగం వదిలినప్పుడు మీ వదిన గాజుల మీద వదిలాను. నువ్వు వదలనంటున్నప్పుడు మరదలి పగటి వేళ మీద వదలనంటున్నావు. రెండు దారుల్లోనూ మన ధైర్యానికి ఇంట్లో వాళ్ళే జామీను. ఈ విషయంలో నేను నీకంటే మెరుగని చెప్పుకోలేను.

తమ్ముడు: సంస్థను ఆమె పేరు మీదే నమోదు చేద్దామని అనుకుంటున్నాను. ఆహార భద్రత నమోదు, బ్యాంకు ఖాతా, అన్నీ. దానివల్ల నా కంపెనీతో కూడా పేచీ ఉండదు.

అన్న: ఆ చివరి వాక్యం దగ్గర ఆగు. కంపెనీకి తెలియకుండా ఉండటానికి ఆమె పేరు వాడుకుంటున్నావా, ఆమె పనికి ఆమె పేరు పెడుతున్నావా? రెండూ ఒకటి కాదు. 2022లో పక్క పని చేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. వాళ్ళు పోటీ కంపెనీలకు పని చేశారన్నది అక్కడి అభియోగం. అదే ఏడాది ఇన్ఫోసిస్, ముందుగా అనుమతి తీసుకుంటే బయటి పని కొంత చేసుకోవచ్చని చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగికైతే ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని నియమమే ఉంది. నీ నియామక పత్రంలో ఏం రాసి ఉందో చదివావా? దాచి చేసే పనిలో సగం శక్తి దాచడానికే పోతుంది. నీ అలసటకు అదీ ఒక కారణమేమో చూసుకో.

తమ్ముడు: నిజమే అనిపిస్తోంది. క్యాంటీన్‌లో ఫోను మోగితే బయటికి పరుగెత్తి మాట్లాడుతున్నాను. చింతపండుకూ మా కంపెనీ పనికీ ఏ పోటీ లేదు. అడిగితే కాదనకపోవచ్చు. అడగలేదంతే. వోజ్నియాక్ కూడా తన కంప్యూటర్‌ను ముందు హ్యూలెట్ ప్యాకార్డ్‌కే చూపించాడు. వాళ్ళు వద్దన్నాకే తనదిగా చేసుకున్నాడు. ఆ నిజాయితీ వల్ల తర్వాత ఎవరికీ తలవంచాల్సిన పని లేకపోయింది. సరే, అడుగుతాను. కానీ అన్నా, ఇప్పుడు నువ్వు చెప్పినవన్నీ కలిపి చూస్తే అవి నన్ను ఉద్యోగం వదలమనడం లేదు. ఉద్యోగంలో ఉండి చేయాల్సిన పద్ధతి నేర్పుతున్నాయి.

అన్న: అక్కడే నువ్వు పొరబడుతున్నావు. పద్ధతి ఎంత బాగున్నా, సొంతంగా ఆలోచించే తీరిక ఇవ్వదు. నీకు మిగిలేది చేసే సమయం మాత్రమే. సీసాలు నింపుతావు, పంపుతావు, అంతటితో ఆదివారం అయిపోతుంది. ఈ గుజ్జు ఎవరు కొనడం లేదు, ఎందుకు కొనడం లేదు అని ఊరూరా తిరిగి తెలుసుకునే రోజు నీ వారంలో లేదు. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని చేసిన అంజిరెడ్డిగారు ఆ ఉద్యోగంలోనే ఉండిపోతే మందుల తయారీ బాగా తెలిసిన ఉద్యోగిగా మిగిలేవారు. బయటికొచ్చి 1976లో యూనిలాయిడ్స్, తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అంత పని ఆదివారాల్లో జరగదు.

తమ్ముడు: ఆయన మందుల తయారీ నేర్చుకున్నది ఏ కొలువులో అన్నా? ఐడీపీఎల్‌లోనే కదా. నాకు సిప్‌కాట్‌లో ఏం దొరుకుతోందో నువ్వు లెక్కలో వేయడం లేదు. నాణ్యత తనిఖీ, బ్యాచ్ నంబరు, ఏ తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెతికి పట్టుకోవడం, ఇవన్నీ అక్కడ నేర్చుకున్నవే. మన సీసాల మీద బ్యాచ్ నంబరు అందుకే ఉంది. ఉద్యోగం నా సమయాన్ని తీసుకుంటోంది, నిజం. ఊరికే తీసుకోవడం లేదు.

అన్న: అది నాకు తోచని మాట. నేర్చుకునేది మిగిలి ఉన్నంతకాలం ఉద్యోగానికి అర్థం ఉంది, ఒప్పుకుంటాను. అయితే నేర్చుకోవడం ఆగిపోయి, జీతం ఒక్కటే మిగిలిన రోజు నీకు తెలియాలి. చాలామందికి తెలియదు. హోసూరు నుంచి మన ఊరికి ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు, 844 నంబరు జాతీయ రహదారి. దారి సులువైన కొద్దీ ఈ రాకపోకలు ఎన్నేళ్ళైనా సాగుతాయి. ఓపిక ఉన్నవాడికే ఈ ప్రమాదం ఎక్కువ. నీకు ఓపిక ఎక్కువ, అదే నా దిగులు. పైగా రాత్రి షిఫ్టు ముగించి నిద్రకళ్ళతో బయల్దేరకు. ఏ వ్యాపారమూ అంత విలువైంది కాదు.

తమ్ముడు: ఓపిక అలవాటుగా మారకుండా ఏం చేయాలి? నెలకొకసారి, అష్టమి మర్నాడు, మేమిద్దరం కూర్చుని లెక్క చూస్తాం. రెండోసారి అడిగి కొన్నవాళ్ళు ఎవరెవరు, ఖర్చులు పోను ఏం మిగిలింది, ఎవరు ఎన్ని గంటలు పని చేశారు. ఆమె గంటలకు కూలి కట్టాకే లాభమన్న మాట వాడతాం. అప్పుడు లాభం సున్నా అని తేలినా సరే, అది నిజమైన సున్నా.

అన్న: అదే లెక్కలో ఇంకొకటి చేర్చు. ఉద్యోగం వదలాలా, వ్యాపారం మానాలా అన్నది నువ్వొక్కడివే తేల్చే ప్రశ్న కాదు. పేరు ఆమెదైతే నిర్ణయంలో సగం ఆమెది. ఆమె మానేద్దామంటే మానాలి. నేనే పూర్తిగా నడుపుతాను, నువ్వు ఉద్యోగంలోనే ఉండు అన్నా వినాలి. మనిద్దరం ఇంతసేపు వాదించుకున్న రెండు దారుల్లోనూ లేని మూడో దారి అది.

తమ్ముడు: వింటాను. నీ దారి తప్పని మాత్రం ఇంకా అనలేను, నా దారే సరైందనీ అనలేను.

అన్న: నేనూ అంతే. పూర్తిగా దిగినవాడికే పని లోతు తెలుస్తుందన్న నా మాట మీద నేనున్నాను. ఇల్లు కాపాడుకుంటూ కట్టినది నిలబడుతుందన్న నీ మాట మీద నువ్వుండు. ఉద్యోగం చేస్తూ సొంత పని మొదలుపెట్టి, మనసు జారిపోతోందని బాధపడేవాళ్ళు ఎవరున్నా ఇద్దరం కలిసి చెప్పగలిగింది ఒకటుంది. ఉత్సాహం కోసం ఎక్కడా వెతకకండి. ఈ నెలలో మీ సరుకును మళ్ళీ అడిగిన మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. మీ కోసం పగలు కష్టపడుతున్న మనిషి పేరు దాని కింద రాసి, ఆ కష్టానికి కూలి కట్టండి. మళ్ళీ అడిగేవాళ్ళు ఉంటే అలసినా సాగండి. వరసగా కొన్ని నెలలు ఒక్క పేరూ రాయలేకపోతే నిస్సంకోచంగా ఆపండి. ఉద్యోగం వదలడమా మానడమా అన్న వాదన ఆ తర్వాతి సంగతి.